అత్తయ్య ఇన్‌స్టిట్యూట్‌లో దిక్పాలకులు

మొన్నామధ్య నా ఆధార్ కార్డులో ఇంటిపేరు ఒక అక్షరం తప్పు పడిందని, సరిచేయాలంటే అఫిడవిట్ కావాలని అన్నారు. అలాంటి కాగితం ఏ ఊళ్ళోనైనా పుడుతుంది. నేను మాత్రం హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్తూ పనిగట్టుకుని నందిగామలో దిగి, కోర్టు బయట రేకుల షెడ్డులో కంప్యూటర్ ముందు కూర్చున్న ఒకాయన దగ్గరికి వెళ్ళాను. యాభై దాటిన మనిషి. కీబోర్డు వంక చూడకుండా, పది వేళ్ళతో, రేకుల మీద వాన పడుతున్నట్టు కొడుతున్నాడు. ఈ రోజుల్లో అలా కొట్టేవాళ్ళు కనిపిస్తే ఎక్కడ నేర్చుకున్నారని అడగకుండా ఉండలేను. నేను నోరు తెరిచేలోపే ఆయన నా కాగితంలో నాన్న పేరూ, జగ్గయ్యపేటా చూసి తలెత్తాడు.

"మీరు సుభద్ర మేడం గారి మేనకోడలాండి?"

అవునన్నాను. ఆయన కొట్టడం ఆపేశాడు. తనూ అత్తయ్య దగ్గరే నేర్చుకున్నాడట. టైపు లోయర్ పరీక్ష పాసవగానే ఖమ్మంలో ఒక ప్లీడరు గారి దగ్గర పని దొరికి వెళ్ళిపోయాడట. మళ్ళీ ఈ మధ్యే సొంత ఊరు చేరాడట. ఇదంతా చెప్పి, కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుని, వెనక నిలబడ్డవాళ్ళకి వినపడకుండా అడిగాడు: "ఆ చీకటి నక్షత్రంలోకి ఒంటరిగా పోయాడే, ఆ కుర్రాడు. వాడు చివరికి ఏమయ్యాడండి?"

చెప్పాను. ఆయన ముందు నమ్మలేదు. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, ఆ నవ్వులోనే నా ఇంటిపేరులో సరిగ్గా అదే అక్షరం మళ్ళీ తప్పు కొట్టి, నాలుక కరుచుకుని ఇంకో కాగితం తీశాడు. ఆయన ఎందుకు అంత నవ్వాడో చెప్పాలంటే మా అత్తయ్య గురించి చెప్పాలి. అత్తయ్య గురించి చెప్పాలంటే, సగం కోసిన ఒక ఇంగ్లీషు నవల గురించి చెప్పాలి.

నాన్నకి జగ్గయ్యపేటలో పప్పుల హోల్‌సేల్ కొట్టు ఉండేది. ముందు కొట్టు, వెనక ఇల్లు. కంది పొట్టు వాసన మా బట్టల్లో, పుస్తకాల్లో, ఆఖరికి నాయనమ్మ మడిచీరలో కూడా ఉండేది. ఇంటర్ అయ్యాక నన్ను నందిగామలో డిగ్రీకి చేర్చినప్పుడు, రోజూ బస్సులో పడి తిరగడం దేనికని నాన్న నన్ను అత్తయ్య దగ్గర ఉంచాడు. అత్తయ్య నాన్నకి ఒక్కతే చెల్లెలు. బస్టాండు వెనక వీధిలో ఎరువుల కొట్టు మీది మేడలో ఆమె టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేది. ఆ పక్క సందులోనే రెండు గదుల ఇంట్లో ఉండేది. డిగ్రీతో పాటు టైపు కూడా వస్తుంది, ఆడపిల్ల చేతిలో ఒక పని ఉంటుంది అన్నది నాన్న లెక్క. పప్పుల వాసన పోయి నాకు కొత్త వాసన పట్టుకుంది. కింద నుంచి యూరియా ఘాటు, పైన మిషన్ ఆయిలూ రిబ్బన్ సిరా. ఇప్పటికీ ఏ ఎరువుల కొట్టు ముందు నుంచి నడిచినా నా వేళ్ళు వాటంతటవే కదులుతాయి.

అత్తయ్య రోజు తెల్లవారుతూనే మొదలయ్యేది. ఫిల్టర్ కాఫీ తాగి, పలచటి వాయిల్ చీర కట్టుకుని, తాళాల గుత్తి బొడ్డున దోపుకుని ఆరింటి బ్యాచ్‌కి మేడెక్కేది. మిషన్ల మీద గుడ్డ ముసుగులు ఒక్కొక్కటే తీసి మడత పెట్టడం, బ్రష్షుతో అక్షరాల మధ్య దుమ్ము దులపడం, కిటికీలు తెరవడం అయ్యేసరికి పిల్లలు మెట్ల మీద చెప్పులు విప్పేవాళ్ళు. ఆమె ఎడమ చేతికి మగవాళ్ళ వాచీ ఉండేది. అది చనిపోయిన సత్యం మామయ్యది. డయల్ మణికట్టు లోపలి వైపుకి తిప్పి కట్టుకునేది. స్పీడు టెస్టు పెట్టినప్పుడు అరచెయ్యి తెరిచి, అందులో ఏదో రాసుకున్నట్టు దాన్ని చూసేది. "స్టార్ట్" అన్నదంటే ఆ మేడంతా ఒక్కసారి దడదడలాడేది. లైను చివర మోగే గంటలు, క్యారేజీ లాగిన చప్పుళ్ళు, కింద ఎరువుల బస్తాలు దించేవాళ్ళ కేకలు. ఆ మోతలో కూడా ఏ మూల ఎవరు తప్పు కొట్టారో ఆమెకి తెలిసేది. తల తిప్పకుండానే "నాలుగో మిషను, వేలు జారింది" అనేది.

ఇంక ఆ నవల. అది సత్యం మామయ్య పుస్తకం. ఆ ఇన్‌స్టిట్యూట్ పెట్టింది ఆయనే. పెళ్ళయ్యాక అత్తయ్యకి టైపు నేర్పిందీ ఆయనే. నేను పసిపిల్లగా ఉండగా పోయిన మనిషి, నాకు ఫోటోలో తప్ప తెలియదు. ఆయన ఒకసారి హైదరాబాదు వెళ్ళి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలోంచి దాన్ని తెచ్చాడట. అట్ట మీద వెండి రంగు రాకెట్టు, నుదుటి నుంచి వెలుగు చిమ్ముతున్న మొనగాడు, ఏ కారణం లేకుండా అతని భుజం మీద వాలిపోయిన అమ్మాయి. చూడగానే తెలిసిపోతుంది, అది బీరువాలో ముందు వరసలో పెట్టుకునే పుస్తకం కాదని. నక్షత్రాల మధ్య వందల లోకాలుంటాయి. వాటిని కాపాడటానికి ఒక దళం ఉంటుంది. ఆ దళంలో వాళ్ళు ఎంత దూరంలో ఉన్నా మనసుతో మనసుకి మాట్లాడుకుంటారు. అవతల శత్రువులు, మనుషుల ఆలోచనలు పీల్చి బతికే చీకటి నక్షత్రం వాళ్ళు. పేజీ పేజీకీ ఏదో ఒకటి పేలుతుంది.

అప్పట్లో టైపు ప్రాక్టీసుకి ఇచ్చే పాఠాలు సహకార సంఘాల నివేదికల్లా ఉండేవి. పిల్లలు మిషన్ల మీదే కునుకు తీసేవాళ్ళట. మామయ్యకి ఒక ఆలోచన వచ్చింది. తను చదివిన కాగితాన్ని చదివినట్టు బ్లేడుతో పుస్తకంలోంచి కోసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, స్పీడు ప్రాక్టీసుకి పిల్లలకి ఇవ్వడం మొదలుపెట్టాడు. పుస్తకం తొందరగా అయిపోకూడదని రోజుకి ఒకటో రెండో కాగితాలు మాత్రమే చదివేవాడు. అన్నం తినేటప్పుడు ఆ రోజు కథ అత్తయ్యకి చెప్పేవాడు. పెళ్ళయిన రెండో ఏడు ఆయనకి పచ్చకామెర్లు వచ్చి, తగ్గినట్టే తగ్గి, తిరగబెట్టి పోయాడు. అప్పటికి సగం పుస్తకం కవర్లలోకి వచ్చింది. మిగతా సగం కుట్టుతో సహా అలాగే ఉండిపోయింది.

చెల్లెల్ని జగ్గయ్యపేట తీసుకుపోవడానికి నాన్న వెళ్తే, పిల్లలకి పరీక్షలు దగ్గరకొచ్చాయి, అవి కానీ అన్నయ్యా అన్నదట. ఆ పరీక్షలయ్యాయి. తర్వాతవి వచ్చాయి. నాన్న ఆదివారాలు కందిపప్పు సంచీతో వచ్చి, మాట ఎత్తబోయి, మానుకుని, వెళ్ళిపోయేవాడు. అలా ఆమె అక్కడే ఉండిపోయింది.

కవర్లలోని ఆ సగమే ఏళ్ళ తరబడి నందిగామకి స్పీడు పాఠం అయింది. ఇంగ్లీషు సరిగా రాని పిల్లలు ఏం కొడుతున్నారో వాళ్ళకి తెలియాలి కదా అని అత్తయ్య బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య, రిబ్బన్లు మారుస్తూ, ఆ రోజు కాగితంలోని కథని తెలుగులో చెప్పేది. దళం వాళ్ళకి దిక్పాలకులని పేరు పెట్టింది. ఆమె నోట ఆ రాకెట్లు మా ఆర్టీసీ బస్సుల్లా కిక్కిరిసి వెళ్ళేవి. చీకటి నక్షత్రం వాళ్ళు అప్పుల వాళ్ళలాగా గుమ్మంలో కూర్చునేవాళ్ళు. కింద ఎరువుల కొట్టు పక్కన ఎస్టీడీ బూత్ అతను కథ వినడానికి మెట్ల దాకా వచ్చి, మనసుతో మాట్లాడుకునే వాళ్ళు నిజంగా వస్తే నా బూత్ మూసుకోవాల్సిందేనని వాపోయేవాడు. అయితే కథ ఎప్పుడూ ఒకచోట ఆగిపోయేది. దిక్పాలకుల్లో అందరికంటే చిన్నవాడు చీకటి నక్షత్రంలోకి ఒంటరిగా వెళ్తాడు. అతనికి విద్య నేర్పిన ముసలావిడ లోకాలన్నిటికీ చివరి అంచున కూర్చుని మనసుతో అతన్ని పిలుస్తుంది. జవాబు రాదు. మళ్ళీ పిలుస్తుంది. రాదు. అక్కడితో కాగితం అయిపోతుంది. ఆ మర్నాడు మళ్ళీ మొదటి కాగితం.

తర్వాత ఏమైందని పిల్లలు అడిగితే, స్పీడుకి ఇక్కడిదాకా చాలు అనేది. మిగతా పుస్తకం దొరకలేదేమోనని అందరం అనుకునేవాళ్ళం. ఎవరికి తోచిన ముగింపు వాళ్ళు చెప్పుకునేవాళ్ళం. చిల్లకల్లు నుంచి వచ్చే ఒకమ్మాయి ముసలావిడే వెళ్ళి వాడి చెవి పట్టుకుని లాక్కొస్తుందని పందెం కాసింది. ఒకరోజు రిబ్బన్ డబ్బా కోసం బీరువా తెరిస్తే, వెనకాల, మగవాళ్ళ చేతిరుమాలులో చుట్టి, ఆ మిగతా సగం కనపడింది. నేను దాన్ని చేతిలోకి తీసుకునేసరికి అత్తయ్య చూసింది. అది అక్కడే పెట్టు, అన్నది. కోపంగా కాదు. వేడిపాల గిన్నె ముట్టుకోబోతున్న పిల్లతో అన్నట్టు అన్నది. ఆ ఆదివారం జగ్గయ్యపేట వెళ్ళినప్పుడు నాయనమ్మని అడిగాను. నాయనమ్మ చింతపండు గింజలు తీస్తూ, "మీ మామయ్య చదివింది అంతవరకేనంటనే. అది దాటి చదవటం దానికి ఇష్టం లేదు. అడక్కు" అని మళ్ళీ చింతపండులో పడింది.

భాస్కరరావు గారు వచ్చింది నేను రెండో ఏడు డిగ్రీలో ఉన్నప్పుడు. నందిగామ కోర్టులో కాపీయిస్టు. నలభై దాటినవాడు. రెడ్డిగూడెంలో వాళ్ళకి పొలం, మామిడితోట. భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. హయ్యర్ పాసైతే ప్రమోషన్ వస్తుందని ఆరింటి బ్యాచ్‌లో చేరాడు. తెల్లచొక్కా, నెమ్మదైన మాట, బండ చేతులు. ఆయన 'ఓ' కొడితే కాగితానికి చిల్లు పడేది. ఆయన కాగితం వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే జల్లెడలా ఉండేది. అత్తయ్య నవ్వాపుకుని, మిషనుకి దెబ్బ తగులుతుంది భాస్కరరావు గారూ, కొంచెం దయ తలచండి అనేది. ఆయన సీరియస్‌గా మిషనుకి సారీ చెప్పేవాడు. కథ చెప్పేటప్పుడు మాత్రం అందరికంటే శ్రద్ధగా, కోర్టులో వాంగ్మూలం వింటున్నట్టు వినేవాడు. ఆ దళానికి పై అధికారి ఎవరని అడిగేవాడు. మనసులో మాట్లాడుకుంటే అది సాక్ష్యంగా ఎట్లా నిలుస్తుందని అడిగేవాడు. ఇన్నేళ్ళలో ఆ కథని ఎవరూ అలాంటి ప్రశ్నలు అడగలేదు. అత్తయ్య ఆలోచించి మర్నాడు జవాబు పట్టుకొచ్చేది. అంట్లు తోముతూ ఒంటరిగా నవ్వుకోవడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

ఆ ఏడు పరీక్షా ఫలితాలు వచ్చాయి. మా బ్యాచ్ దాదాపు మొత్తం పోయింది. లోయర్‌లో నేను, హయ్యర్‌లో భాస్కరరావు గారు, ఇంకా చాలామంది. అంతకుముందు రెండుసార్లు కూడా ఫలితాలు అంతంతమాత్రమే. పైగా అప్పుడే ఎదురుగా అద్దాల తలుపుల కంప్యూటర్ సెంటర్ తెరిచారు. లోపల ఏసీ, బయట చెప్పులు విడిచి వెళ్ళాలి. మా పిల్లలు ఒక్కొక్కరే వీధి దాటి అటు వెళ్ళడం మేడ మీది కిటికీలోంచి కనపడేది. అత్తయ్య మాత్రం ఖాళీ మిషన్ల ముసుగులు కూడా రోజూ తీసి, దుమ్ము దులిపి, మళ్ళీ కప్పేది.

ఒక పొద్దున అత్తయ్య ఎప్పట్లాగే మొదటి కాగితం అందిస్తే భాస్కరరావు గారు తీసుకోలేదు. లేచి నిలబడ్డాడు.

"మేడం, మీరేమీ అనుకోనంటే ఒక మాట. ఈ కథ మా వేళ్ళకి కంఠతా వచ్చేసిందండి. కళ్ళు మూసుకుని కొట్టేస్తున్నాం. స్పీడు వచ్చిందని మీరూ అనుకుంటున్నారు, మేమూ అనుకుంటున్నాం. పరీక్షలో తెలీని కాగితం పెడితే చేతులు ఆడటం లేదు. దీని తర్వాత కాగితం ఇవ్వండి."

"తర్వాత కాగితం లేదండి" అన్నది అత్తయ్య.

ఆయన అత్తయ్య వంక కాసేపు చూశాడు. ఉందని ఆయనకి ఎలా తెలిసిందో నాకు తెలియదు. నేను చెప్పలేదు. "సరేనండి" అని మాత్రం అని, కూర్చుని, ఆ మొదటి కాగితమే కొట్టాడు. ఆ రోజు ఒక్క కాగితానికీ చిల్లు పడలేదు.

మర్నాడు ఇన్‌స్టిట్యూట్ తెరవలేదు. జ్వరం వచ్చినా తెరిచే మనిషి. నేను మెట్ల దగ్గర నిలబడి అందరినీ తిప్పి పంపాను. అత్తయ్య ఆ రోజంతా ఇల్లు కడిగింది. పోపు డబ్బాలు దించి తోమింది, దుప్పట్లు ఉతికింది, మినపప్పు రుబ్బింది. ఏమైందత్తయ్యా అంటే, ఏమీ లేదే, ఇల్లు చూశావా ఎట్లా ఉందో అన్నది. ఆ మరుసటి పొద్దున కాఫీ తాగి, బీరువా తెరిచి, రుమాలు మూట తీసి చంకలో పెట్టుకుని, నన్ను రమ్మని బయల్దేరింది.

మెట్ల కింద భాస్కరరావు గారు ఒక్కడే నిలబడి ఉన్నాడు. ముగ్గురం పైకెక్కాం. అత్తయ్య బల్ల మీద పుస్తకం పెట్టి, డ్రాయర్లోంచి బ్లేడు తీసింది. బ్లేడు ఆయన వైపు చాపింది.

"నా చెయ్యి సరిగ్గా లేదండి. మీరు కొయ్యండి."

"నేను కొయ్యనండి" అన్నాడు ఆయన. "అది మీరే కొయ్యాలి. పుస్తకం కదలకుండా నేను పట్టుకుంటా."

ఆ బండ చేతులు రెండూ పుస్తకం అంచుల మీద పెట్టి పట్టుకున్నాడు. అత్తయ్య కోసింది. కాగితం తిన్నగా వచ్చింది. దాన్ని కవర్లో పెట్టి, తన మిషను పక్కన నిలబెట్టి, కొత్త కాగితం ఎక్కించి, తనే కొట్టడం మొదలుపెట్టింది. ముందు చదివి తర్వాత కొట్టడం కాదు. చదువుతూ, చదివినంత మేరా కొడుతూ పోయింది. మిషను నెమ్మదిగా నడిచింది. నేను ఆమె ముఖం చూస్తూ నిలబడ్డాను. లైను గంట మోగింది. క్యారేజీ లాగింది. ఇంకో లైను. ఉన్నట్టుండి చేతులు ఆగిపోయాయి. భుజాలు కదలడం చూసి ఏడుస్తోందనుకున్నాను. ఏడవడం కాదు. నవ్వుతోంది. చీర కొంగు నోట్లో కుక్కుకుని, కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళలోంచి నీళ్ళు కారేలా నవ్వుతోంది.

"చావలేదే వాడు" అన్నది, ఊపిరి అందాక. "రాకెట్టు దిగేటప్పుడు తలుపు కొట్టుకుని తలకి బొప్పి కట్టిందంట. స్పృహ తప్పి పడుకున్నాడంట. లేచి, ఆవిడతో, క్షమించండి, నిద్ర పట్టేసింది అంటున్నాడు. నేను ఇన్నేళ్ళూ వాడు పోయాడనే అనుకున్నా."

భాస్కరరావు గారు నవ్వలేదు. "బతికే ఉన్నాడాండి?" అని అడిగాడు.

"నిక్షేపంలా ఉన్నాడు."

"అయితే ఆ కాగితం నాకివ్వండి. ఆఫీసు టైమయ్యేలోపు ఒకసారి కొట్టుకుంటా."

ఆ మధ్యాహ్నం అన్నం తింటూ అత్తయ్య ఒక్క మాట అన్నది. ఇది చదివి ఉంటే ఆయన ఎంత నవ్వేవాడో అని. తర్వాత ఇంకొంచెం పెరుగు వేసుకుంది. సత్యం మామయ్య గురించి ఆమె నాతో తనంతట తానుగా మాట్లాడటం అదే మొదలు. ఆ తర్వాత చాలా చెప్పింది. ఆయన ఈల వేస్తూ రిబ్బన్లు మార్చేవాడట, వంకాయ అంటే పారిపోయేవాడట.

అక్కడి నుంచి రోజుకో కొత్త కాగితం. కొడుతున్నది ఎవరికీ ముందుగా తెలియదు కాబట్టి మొదట్లో అందరివీ తప్పులే. కానీ తర్వాత లైనులో ఏముందో చూడాలనే ఆత్రానికి కళ్ళు ముందూ, వాటి వెనక వేళ్ళూ పరుగెత్తేవి. చీకటి నక్షత్రం సగం పేలిన వారం ఎస్టీడీ బూత్ అతను పైకొచ్చి బెంచీ మీదే కూర్చున్నాడు. ఎదురు సెంటర్‌కి వెళ్ళిన ఇద్దరు ముగ్గురు సాయంత్రాలు మళ్ళీ వచ్చారు. పరీక్షల్లో నేను గట్టెక్కాను. భాస్కరరావు గారు హయ్యర్ పాసయ్యాడు. పాసైనవాడు మానేయాలి కదా. ప్రాక్టీసు పోతుందని వస్తూనే ఉన్నాడు. వేసవి వచ్చాక రెడ్డిగూడెం మామిడికాయలు బుట్టతో తెచ్చి, ఇన్‌స్టిట్యూట్‌లో అందరికీ పంచి, అత్తయ్యకి మాత్రం అందరికీ ఇచ్చినన్నే ఇచ్చేవాడు. ఒక్కటి కూడా ఎక్కువ ఇచ్చేవాడు కాదు. ఆ జాగ్రత్త చూసే నాకు అనుమానం వచ్చింది.

నవల అయిపోయింది. చివరికి దిక్పాలకులే గెలిచారు, అట్ట మీది అమ్మాయి కారణంతోనే భుజం మీద వాలింది. పిల్లలందరూ వెళ్ళాక అత్తయ్యా నేనూ ముసుగులు కప్పుతున్నాం. భాస్కరరావు గారు గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి వచ్చాడు.

"మేడం, కథ అయిపోయింది. ఇంక ఏ వంక పెట్టుకుని రావాలో నాకు తెలీటం లేదు. మీ అన్నయ్య గారితో మాట్లాడమంటే వెళ్ళి మాట్లాడతా. వద్దంటే రేపట్నుంచి రాను. మీరు ఏదన్నా నాకు సమ్మతమే."

అత్తయ్య ఒక మిషనుకి ముసుగు కప్పింది. పక్క మిషనుకి కప్పింది. దానికి అవతలి దానికి కూడా కప్పి, అంచులు సర్దింది.

"మా అన్నయ్య పొద్దున పూట బేరాల్లో ఉంటాడు" అన్నది అటు తిరిగే. "మధ్యాహ్నం వెళ్ళండి."

ఆయన జగ్గయ్యపేట వెళ్ళిన రోజు సెలవులకి నేను ఇంట్లోనే ఉన్నాను. కోర్టు నుంచి మనిషి వచ్చాడని గుమాస్తా చెప్పగానే నాన్నకి ముచ్చెమటలు పోశాయి. ఏ కేసు, ఎవరు వేశారని కంగారుపడి, మజ్జిగ ఇచ్చి, ఫ్యాను కింద కూర్చోబెట్టాడు. కేసు ఏదీ లేదని తెలిసి ఊపిరి పీల్చుకున్నాడు. అసలు సంగతి తెలిశాక ఆ పీల్చిన ఊపిరి వదలడానికి చాలాసేపు పట్టింది. గట్టిగా అరవలేదు. కొట్టు కదా. మీరు పెద్దమనుషుల్లా ఉన్నారు, మా ఇళ్ళలో ఇట్లాంటివి లేవు, మీ వాళ్ళు వేరు, మా వాళ్ళు వేరు అని పంపేశాడు. లోపలికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు గానీ కలపలేదు. ఊళ్ళో తలెత్తుకోవద్దా అన్నాడు. నాయనమ్మ తన మూల నుంచి లేచి వచ్చి, గోడకి చెయ్యి ఆనించి నిలబడింది. మడి అంటే ప్రాణం పెట్టే మనిషి. ఆమె ఏమంటుందో నాకు తెలుసనే అనుకున్నాను.

"దాని మొగుడు పోయిన రోజు ఈ ఊరు ఏమందో నేను విన్నా" అన్నది. "అది పెళ్ళాడబట్టే పోయాడన్నారు. నీ కొట్లో పప్పు కొనేవాళ్ళే అన్నారు. ఇప్పుడు మళ్ళీ వాళ్ళనే అడగాలా? నన్ను అడుగు."

నాన్న అడగలేదు. ఆమే చెప్పింది. ఆయన్ని మళ్ళీ రమ్మని కబురు పెట్టించింది. వచ్చాక తలుపు చాటు నుంచి ఒకే ఒక్క ప్రశ్న వేసింది, ఇంట్లో నీసు వండుతారా అని. "నాకు వండటం రాదండి. తినాలనిపిస్తే రెడ్డిగూడెం పోయి తిని, కాలువలో స్నానం చేసి వస్తా" అన్నాడు భాస్కరరావు గారు. నాయనమ్మకి ఆ కాలువ నచ్చింది.

పెళ్ళి వేదాద్రిలో, కొండ మీది గుడిలో, పట్టుమని ఒక బస్సు కూడా నిండనంత మందితో అయింది. కింద కృష్ణ నిండుగా ఉంది. ఆరింటి బ్యాచ్ మొత్తం వచ్చింది. నాన్న రాలేదు. ఆ రోజే లారీ లోడు వస్తోందన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకి ఒక ఆదివారం కందిపప్పు సంచీతో నందిగామ వచ్చి, వసారాలోనే కూర్చుని, మంచినీళ్ళు కూడా వద్దన్నాడు. భాస్కరరావు మామయ్య బతిమాలలేదు. పక్కన కూర్చుని, ఆ మధ్య వచ్చిన లోడు ఎట్లా ఉందండి, పుచ్చు తగిలిందా అని అడిగాడు. పప్పు మంచిచెడ్డలు అయ్యాక మిరప గురించి, మిరప అయ్యాక వానల గురించి మాట్లాడుకున్నారు. అత్తయ్య రెండు విస్తళ్ళు వేసింది. ఇద్దరూ లేచి వెళ్ళి తిన్నారు.

ఇన్‌స్టిట్యూట్ ఇంకొన్నాళ్ళు నడిచి మూతపడింది. అత్తయ్య దానికి పెద్దగా బాధపడిన గుర్తు లేదు. అద్దాల తలుపుల సెంటర్‌లో తనే చెప్పులు విడిచి చేరింది. నాకంటే చిన్నవాడైన మాస్టారు ఆమె వేగం చూసి, మీరు ఇంతకుముందు ఎక్కడైనా నేర్చుకున్నారా ఆంటీ అని అడిగాడట. ఇప్పుడు హైవే ఊరి బయట నుంచి పోతోంది, బస్సులో కునుకు పడితే నందిగామ దాటిపోయిందని కూడా తెలియదు. మా అమ్మాయి ఇలాంటి కథలే, ఇంతకంటే బాగా తీసినవి, ఒక్క ఆదివారంలో మొత్తం చూసేసి, తర్వాత ఏమైందని నేనడిగితే దేంట్లో అమ్మా అంటుంది. సగంలో ఆగిన కథ దగ్గర ఒక ఊరు అన్నేళ్ళు కూర్చున్నదంటే అది నమ్మదు. ఆ రోజులే బాగుండేవని దానితో అనబోయి ఆగిపోతాను. ఆ రోజుల్లోనే మా ఇంట్లో పేరంటమైతే అత్తయ్య నందిగామలో పనుందని చెప్పి రాకుండా ఉండేది. ఎందుకు రావడం లేదని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఈ మధ్య మా అపార్ట్‌మెంట్‌లో ఒకమ్మాయికి రెండో పెళ్ళయితే అందరం వెళ్ళి భోంచేసి, సాంబారులో ఉప్పెక్కువైందని మాట్లాడుకుంటూ వచ్చాం. ఆ మాట మాత్రం మా అమ్మాయికి చెప్పాను.

నాయనమ్మ పోయిన కొన్నేళ్ళకి నాన్నకి పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. బేరాల్లో గొంతే పెట్టుబడిగా బతికిన మనిషికి అది ఎంత కష్టమో మా అందరికీ తెలుసు. అందుకే ఆయన కళ్ళు కదిలితే చాలు, నీళ్ళా, దిండా, ఫ్యానా అని అందరం ఒక్కసారే మీద పడేవాళ్ళం. ఒక్కటీ ఆయనకి కావలసింది అయ్యేది కాదు. ఆయన విసుగుతో కళ్ళు మూసుకునేవాడు. అప్పటికి రిటైరైన మామయ్య మధ్యాహ్నం అన్నం తిని నందిగామలో బస్సెక్కి వచ్చేవాడు. మంచం పక్కన కుర్చీలో కూర్చునేవాడు. ఏం కావాలని అడిగేవాడు కాదు. గెడ్డం గీసేవాడు, గోళ్ళు తీసేవాడు, పని లేకపోతే ఊరికే కూర్చునేవాడు. నాన్న ఆయన ఉన్నంతసేపూ కళ్ళు తెరిచే ఉండేవాడు. ఏడాదికి పైగా, పండగలకి కూడా మానకుండా వచ్చాడు.

నేను సెలవు పెట్టి వెళ్ళినప్పుడు ఒక మధ్యాహ్నం అమ్మ వంటింట్లోంచి నన్ను చెయ్యి ఊపి పిలిచింది. "మీ మామయ్య బస్సు ఇంకా చిల్లకల్లు కూడా చేరి ఉండదే. మీ నాన్న చూడు" అన్నది.

తొంగి చూశాను. నాన్న తల దిండు మీద పక్కకి తిప్పుకుని, ఖాళీ కుర్చీ వంక చూస్తున్నాడు. ముఖంలో విసుగు లేదు. నేను అక్కడే తలుపు దగ్గర నిలబడిపోయాను. కాసేపటికి బయట మెట్ల మీద చెప్పులు విప్పిన చప్పుడయింది.